సత్సుకి బోన్సాయ్: రూపనిర్ణయం

చిన్న కుండీలో మహావృక్ష స్వరూపాన్ని నిలిపే కళ బోన్సాయ్. చైనాలో జనించి జపానులో పరిణతి పొందిన ఈ కళలో అజేలియా అనే పూలపొదకు విశిష్ట స్థానం ఉంది. అజేలియాలలో సత్సుకి రకం సుప్రసిద్ధం. జపానీయుల పాత పంచాంగంలో ఐదవ మాసం పేరే సత్సుకి. 1692లోనే ఇతో ఇహెయ్ అజేలియాలపై ‘కిన్షు మకురా’ అనే గ్రంథాన్ని వెలువరించాడు.

లేత మొక్కకు రూపాన్ని నిర్ణయించే ముందు వేళ్ల అమరికను, కాండపు పోకడను, కొమ్మల స్థానాలను పరిశీలించాలి. నిటారు కాండానికి ‘చొక్కాన్’, వంపులు తిరిగిన కాండానికి ‘మొయోగి’, ఒకవైపు ఒరిగిన దానికి ‘షకాన్’ అనే రూపాలు తగినవి. మొక్క స్వభావాన్ని అనుసరించి రూపాన్ని ఎన్నుకోవాలి గాని, ముందే తలచిన రూపంలోకి మొక్కను బలవంతంగా మలచరాదు.

అనేక వృక్షాలలో శిఖరం బలంగా ఎదుగుతుంది. అజేలియాలో క్రింది కొమ్మలే బలిష్ఠమైనవి. అందుచేత క్రింద ఎక్కువగా, పైన మితంగా కత్తిరించాలి. లేనిచో శిఖరం క్షీణిస్తుంది. పూలు వాడిన వెంటనే కత్తిరింపు ముగించాలి. ఆలస్యమైతే మరుసటి ఏటి మొగ్గలు నశిస్తాయి.

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అన్న సామెత ఇక్కడ అక్షరసత్యం. ముదిరిన అజేలియా కొమ్మ పెళుసు. కనుక లేతప్రాయంలోనే తీగ చుట్టి, ఓర్పుతో కొద్దికొద్దిగా వంచాలి.