మార్లవాయి బడి

ఆదిలాబాదు జిల్లాలో ఉట్నూరు చుట్టునుండు సీమ కొండలతోను, టేకు అడవులతోను నిండియున్నది. ఆ కొండల నడుమ చిన్న చిన్న గూడెములు కలవు. వానిలో రాజగోండులు, కొలాములు, పరధానులు, తోటీలు తరతరములుగా నివసించుచున్నారు. దీపావళి వచ్చినంతనే గోండు యువకులు నెమలి యీకల కిరీటములు ధరించి గుస్సాడీ నృత్యము చేయుదురు. పుష్యమాసపు అమావాస్యనాడు కేస్లాపూరులో నాగోబాను కొలుతురు. ఆ గూడెములలో నొకటి మార్లవాయి. పూర్వ మిది ఉట్నూరు తాలూకాలోనిది. నేడు కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాలోని జైనూరు మండలమునకు చేరినది. ఈ చిన్న పల్లె పేరు దూరదేశములందలి పండితులకు సైతము తెలియును. అందుకు ముఖ్యకారణము అచ్చట వెలసిన యొక బడి.

ఆ బడి శాంతికాలమున పుట్టినది కాదు. నిజాము పాలనలో ప్రభుత్వము అడవులను తన స్వాధీనము చేసికొని హద్దులు నిర్ణయించెను. తాతలనాటి నుండి దున్నుకొనుచున్న భూములు హద్దులలో చిక్కుకొనెను. పశువులను మేపుటకు పన్ను, కట్టెలు తెచ్చుకొనుటకు పన్ను. మైదానముల నుండి వచ్చిన షావుకార్లు అప్పులిచ్చి, తెలియని లిపిలో కాగితములు వ్రాయించి, వేలిముద్రలు వేయించుకొని పొలములను కాజేసిరి. తుదకు కుమురం భీము నాయకత్వమున గోండులు తిరుగబడిరి. 1940లో జోడేఘాటు కొండపై ప్రభుత్వ సైన్యము కాల్పులు జరిపెను. భీముతో పాటు పలువురు అనుచరులు నేలకొరిగిరి.

పోరు ముగిసినది, కాని పోరు మిగిల్చిన దుఃఖము ముగియలేదు. పెద్దలు పోరాడిరి, పెద్దలు మరణించిరి. తండ్రి లేని యింటిలో గంజికై యెదురుచూచినవారు మాత్రము పిల్లలు. ఖాకీబట్టలు కనబడినంతనే తల్లుల వెనుక దాగవలసి వచ్చినవారును పిల్లలే. కలహమున ఏ పక్షమునకును చెందనివారు దాని భారమును అందరికంటె ఎక్కువకాలము మోయుదురు.

అప్పుడు ప్రభుత్వమునకు ఈ తిరుగుబాటు ఏల పుట్టెనో తెలిసికొనవలెనను తలంపు కలిగెను. ఆ పని క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అను మానవశాస్త్రజ్ఞునకు అప్పగించిరి. ఆయన 1909లో ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైనపుడు ఆయన భారతదేశమున నుండెను. శత్రుదేశపు ప్రజగా నెంచబడినందున స్వేచ్ఛగా తిరుగుటకు వీలులేక, హైదరాబాదు రాజ్యమున నివసించుటకు మాత్రము అనుమతి పొందెను. ఆయనయు, ఆయన భార్య ఎలిజబెత్తును మార్లవాయిలో గుడిసె వేసికొని గోండుల నడుమ జీవించిరి. గోండీ భాష నేర్చిరి. జనుల గోడు వినిరి.

భూమియు, చదువును రెండును కావలెనని హైమెండార్ఫ్ గ్రహించెను. భూమి లేనిదే కడుపు నిండదు. చదువు లేనిదే భూమి నిలువదు. ఆయన సిఫారసుల ననుసరించి వేలకొలది కుటుంబములకు భూమి పట్టాలు లభించెను. 1943లో మార్లవాయిలో గోండు విద్యాపథకము ప్రారంభమాయెను.

ఆ పథకములోని విశేషము గమనింపదగినది. అంతవరకు ప్రభుత్వపు బడులలో ఉర్దూ, సంతలలో మరాఠీ, తెలుగు వినబడుచుండెను. గోండు బాలునకు ఇంటిలో తెలిసినది గోండీ యొక్కటే. తెలియని భాషలో తెలియని ఉపాధ్యాయుడు పాఠము చెప్పినచో బాలునకు భయము పెరుగును గాని జ్ఞానము పెరుగదు. కనుక మార్లవాయిలో మొదట పిల్లలను గాక, పెద్దలను బడిలో కూర్చుండబెట్టిరి. కొద్దిగా అక్షరజ్ఞానము గల గోండు యువకులను ఎన్నుకొని, వారికి ఉపాధ్యాయ శిక్షణ నిచ్చిరి. దేవనాగరి లిపిలో గోండీ వాచకములు సిద్ధము చేసిరి. అందు గోండుల జీవితము, వారి పురాణగాథలు చోటుచేసికొనెను. శిక్షణ ముగిసిన యువకులు తమ వంటి గూడెములకు పోయి బడులు తెరచిరి.

గోండీ భాష తెలుగునకు పరాయిది కాదు, రెండును ద్రావిడభాషలే. గోండీలో నీటిని ‘ఏర్’ అందురు. తెలుగువారు ప్రవాహమును ‘ఏరు’ అందురు. అక్కచెల్లెండ్రవంటి భాషలలో ఒకదానికి బడి కలిగి, వేరొకదానికి లేకుండుట ఎంతటి కొరతయో మార్లవాయి తెలిపినది.

ఆ చదువు ఫలించినది. కాగితముపై నేమున్నదో చదివి చెప్పగలవాడు గూడెములోనే పుట్టెను. అంతకు ముందు వేలిముద్ర వేసిన చేతులు సంతకము చేయ నేర్చినవి. గోండులలో ఉపాధ్యాయులే గాక పట్వారీలు, గుమాస్తాలును తయారైరి. అందుచేతనే బడి దానము కాదు, రక్షణ యని చెప్పవచ్చును.

అయినను కథ అంతయు సుఖాంతము కాదు. తరువాతి కాలమున గోండీ మాధ్యమము బడులలో నిలువలేదు. భూములు మరల అన్యాక్రాంతమగుచుండెను. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఉట్నూరునకు సమీపముననున్న ఇంద్రవెల్లిలో, భూసమస్యలపై సభకు చేరుచున్న గిరిజనులపై పోలీసు కాల్పులు జరిగెను. ఒకసారి నిర్మించిన రక్షణను ప్రతి తరమును కాపాడుకొనవలెను.

మార్లవాయిలో కనబడిన భావము వేరొకచోట అంతకుముందే మొలకెత్తెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము హైమెండార్ఫ్ పుట్టిన వియన్నా నగరములోనే పిల్లలు ఆకలితో నలిగిరి. ఇంగ్లండున ఎగ్లాంటైన్ జెబ్ అను వనిత వారికై కరపత్రములు పంచెను. అందుకు న్యాయస్థానము ఆమెకు జరిమానా విధించెను. ఆమె వెనుదీయలేదు, 1919లో బాలరక్షణ నిధిని స్థాపించెను. ఆమె రూపొందించిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి అంగీకరించెను. 1946లో ఐక్యరాజ్యసమితి బాలల నిధి యేర్పడెను. 1989 నవంబరు 20వ తేదీన బాలల హక్కుల ఒడంబడిక వెలువడెను. యుద్ధమున బాలలను కాపాడవలెననియు, అల్పసంఖ్యాకుల బిడ్డలకు తమ భాషను వాడుకొను హక్కు కలదనియు అది చాటుచున్నది. భారతదేశము 1992లో దాని నంగీకరించెను. 2010 ఏప్రిల్ 1వ తేదీ నుండి మన దేశమున ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల బాలలకు ఉచిత నిర్బంధవిద్య చట్టబద్ధమైన హక్కు.

హక్కులు కాగితముపై నున్నంతమాత్రమున చాలదు. 2023 ఏప్రిల్‌లో సూడాను దేశమున అంతర్యుద్ధము చెలరేగెను. అచ్చటి జనులు వీధివీధిని వంటశాలలు పెట్టి ఆకలిగొన్నవారికి అన్నము పెట్టిరి. 2025లో అమెరికా మొదలగు సంపన్నదేశములు పరదేశములకిచ్చు సహాయమును మిక్కిలి తగ్గించినవి. దానివలన ఆ వంటశాలలలో అనేకము మూతపడెను. దాత చేయి ముడిచినంతనే బిడ్డ విస్తరి ఖాళీయాయెను. బిడ్డకు చెందవలసినది ఒకరి దయపై వ్రేలాడినచో జరుగునది ఇదియే.

అట్లని బయటివారి సహాయ మక్కరలేదనుట తగదు. ఆపదలో అది ప్రాణదానము. సూడాను వంటశాలలను నడిపినవారు ఆ ఊరివారే యైనను, ధాన్యము కొనుటకు ధనము కావలసియుండెను. మార్లవాయి నేర్పు పాఠము వేరు. సహాయము చేయువాడు తాను వెళ్ళిపోయిన పిదపను నిలుచు దానిని విడిచిపోవలెను. అట్టి దానిని నిలుపుటకు ప్రభుత్వము పూనుకొనవలెను. హైమెండార్ఫ్ విడిచిపోయినది ధనము కాదు. శిక్షణ పొందిన గోండు ఉపాధ్యాయులను.

ఎలిజబెత్తు 1987లో హైదరాబాదున మరణింపగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. హైమెండార్ఫ్ 1995లో లండనులో కన్నుమూసెను. 2012లో ఆయన అస్థికలను మార్లవాయికి తెచ్చి ఆమె ప్రక్కనే నిక్షేపించిరి. నేటికిని గోండులు ఆ సమాధులకడ చేరి వారిని స్మరింతురు. గోండీ భాషయు మరుగున పడలేదు. నార్నూరు మండలమందలి గుంజాల గ్రామమున దొరకిన ప్రాచీన వ్రాతప్రతులలోని గోండీ లిపికి 2018లో కంప్యూటరు అక్షరములలోను స్థానము లభించెను.

కలహము పెద్దలది; దాని నుండి బాలలను కాపాడు బాధ్యతయు పెద్దలదే. అన్నము, బడి, తల్లిభాష యను మూడును బిడ్డకు కానుకలు కావు, బాకీలు. ఆ బాకీ తీరువరకు ఏ పోరును ముగిసినట్లు కాదు.

ప్రశ్నలు

1. గోండులు తిరుగబడుటకు గల కారణము లేవి?
2. మార్లవాయిలో మొదట పెద్దలకు శిక్షణ నిచ్చుట ఏల?
3. ‘చదువు లేనిదే భూమి నిలువదు’ అను మాటను వివరింపుము.
4. సూడాను వంటశాలల కథకును మార్లవాయి కథకును గల భేదమేమి?
5. నీ తరగతిలో ఇంటిభాష వేరైన బాలుడో బాలికయో ఉన్నచో నీవేమి చేయగలవు?