చిన్న పదం దగ్గర ఆగండి

పోటీ పరీక్షల ఇంగ్లిష్ అనగానే అభ్యర్థులు భయపడేది పెద్ద పెద్ద పదాలకు. మార్కులు చేజారేది మాత్రం ఇన్, ఆన్, ఎట్, టు, విత్ లాంటి చిన్న పదాల, అంటే ప్రిపొజిషన్ల దగ్గర. అవి తెలిసినవే కదా అని ఆగకుండా దాటిపోతాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ పరీక్ష మొదటి దశలో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలుంటాయి. సరైన జవాబుకు 2 మార్కులు, తప్పు జవాబుకు అర మార్కు కోత. అలాంటి చోట తొందరపాటు ఖరీదైనది.

'హి త్రూ ద బాల్ టు మి' అంటే పట్టుకోమని నాకు బంతి విసిరాడు. 'టు' స్థానంలో 'ఎట్' పెడితే నన్ను కొట్టాలని విసిరినట్టు. బంతి అదే, విసిరినవాడూ అతనే, ఉద్దేశమే మారిపోయింది. 'షౌటెడ్ టు మి' అంటే దూరంగా ఉన్న నాకు వినబడాలని కేకేశాడు. 'షౌటెడ్ ఎట్ మి' అంటే నా మీద అరిచాడు. 'బై మండే' అంటే సోమవారం లోగా పని పూర్తి కావాలి. 'టిల్ మండే' అంటే సోమవారం దాకా చేస్తూనే ఉండాలి. రైలు చెప్పిన వేళకు వస్తే 'ఆన్ టైమ్'. అది కదిలేలోపు మనం స్టేషన్‌కు చేరుకుంటే 'ఇన్ టైమ్'.

ఖాళీలో రెండు పదాలూ ఇమిడేలా కనిపిస్తే వాక్యం చివరిదాకా చదవండి. 'హి షౌటెడ్ డ్యాష్ మి బికాజ్ ఐ హ్యాడ్ బ్రోకెన్ ద విండో' అన్నప్పుడు కిటికీ పగలగొట్టడమే ఆధారం. అక్కడున్నది కోపం కాబట్టి జవాబు 'ఎట్'.

మనకు మరో చిక్కు ఉంది. తెలుగులో అనుకుని ఇంగ్లిష్‌లో రాస్తాం. 'నా మీద కోపం' కాస్తా 'యాంగ్రీ ఆన్ మి' అవుతుంది, 'డాక్టర్‌తో పెళ్లి' వెళ్లి 'మ్యారీడ్ విత్' అవుతుంది, 'దాని గురించి చర్చించాం' అన్నది 'డిస్కస్డ్ అబౌట్' అయి కూర్చుంటుంది. సరైనవి 'యాంగ్రీ విత్', 'మ్యారీడ్ టు'. 'డిస్కస్' తర్వాత 'అబౌట్' అక్కర్లేదు. తప్పును గుర్తించమనే ప్రశ్నల్లో ఇలాంటివి మన చెవికి తప్పనిపించవు. అందుకే చెవిని నమ్ముకోకుండా, పదాన్నీ దాని ప్రిపొజిషన్‌నూ కలిపి ఒకే మాటగా నేర్చుకోవాలి. తప్పు చేసిన ప్రతి ప్రశ్ననూ నోట్‌బుక్‌లో రాసుకుని, పక్కనే మీరు పెట్టిన పదంతో, సరైన పదంతో వచ్చే రెండు అర్థాలనూ తెలుగులో రాయండి. సూత్రం మరిచిపోయినా అర్థం గుర్తుంటుంది.

ఈ అలవాటు పరీక్ష హాలుతో ఆగిపోదు. 'ఐ ఎగ్రీ విత్ యు' అంటే మీ అభిప్రాయమే నాదీ అని. 'ఐ ఎగ్రీ టు యువర్ టర్మ్స్' అంటే మీ షరతులకు ఒప్పుకున్నాను అని. రేపు ఉద్యోగంలో ఒక మెయిల్‌లో మొదటిది రాయాల్సిన చోట రెండోది రాస్తే, అనుకోని బాధ్యత నెత్తికెత్తుకున్నట్టే. మాట వాడేముందు 'దీంతో నేను ఏం ఒప్పుకుంటున్నాను, ఎవరికి ఏం చెబుతున్నాను' అని క్షణం ఆలోచించే మనిషిని అందరూ నమ్ముతారు. ఆ నమ్మకం జీతం కన్నా ముందు సంపాదించుకోవాల్సింది.

ఈరోజే పాత ప్రశ్నపత్రం ఒకటి తీయండి. ప్రిపొజిషన్ల ప్రశ్నలు మాత్రమే చేయండి. జవాబు గుర్తించే ముందు, అదే ఎందుకో మీకు మీరే తెలుగులో చెప్పుకోండి. కారణం చెప్పగలిగిన జవాబే మీది.