గొడ్డలి తగలని చెట్టు ఎండిపోవడం: భవన నిర్మాణ అనుమతులలో వేరు మండల రక్షణ

భవన నిర్మాణ ప్లానులో "ఉంచదగిన చెట్టు" అని గుర్తించినవి అన్నీ బతకవు. పునాది పనులు ముగిసిన మరుసటి సంవత్సరం కొమ్మల చివర్లు ఎండడం మొదలవుతుంది. మూడు నుంచి ఐదు సంవత్సరాలలో చెట్టు మోడుబారుతుంది. అప్పటికి భవనంలోకి నివాసులు వచ్చి ఉంటారు, అనుమతి దస్త్రం మూసివేసి ఉంటారు. చెట్టును ఎవరూ నరకలేదు కనుక ఆ నష్టం ఏ లెక్కలోనూ నమోదు కాదు. పట్టణ వృక్ష సంరక్షణలో అతి పెద్ద లోపం ఇదే.

కారణం నేలలో ఉంది. నీటిని, పోషకాలను గ్రహించే పీచు వేర్లలో అధిక భాగం పై 60 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. అవి కొమ్మల నీడను దాటి చాలా దూరం వ్యాపిస్తాయి. కాంక్రీటు లారీ కొన్నిసార్లు తిరిగితే చాలు, మట్టిలోని గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. స్థూల సాంద్రత బంకమట్టి నేలలలో ఘన సెంటీమీటరుకు సుమారు 1.5 గ్రాములకు, ఇసుక నేలలలో 1.8 గ్రాములకు చేరితే వేర్ల పెరుగుదల దాదాపు నిలిచిపోతుంది. మెరక కోసం మొదలు చుట్టూ అడుగున్నర మట్టి పోసినా వేర్లకు ప్రాణవాయువు అందదు. సిమెంటు కడిగిన నీరు ఇంకితే నేల ఉదజని సూచిక పెరిగి, ఇనుము లభ్యత తగ్గి లేత ఆకులు పాలిపోతాయి. ఈ లక్షణాలను తెగులుగా భావించి మందు పిచికారీ చేయించడం తరచుగా జరిగే పొరపాటు.

ఈ నష్టాన్ని అనుమతి దశలోనే నివారించే ఏర్పాటు ఇంగ్లండులో స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి 1990 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టంలోని 197వ సెక్షన్ ప్రకారం, నిర్మాణ దరఖాస్తును ఆమోదించేటప్పుడు చెట్ల సంరక్షణకు, కొత్తగా నాటడానికి తగిన షరతులు విధించడం స్థానిక ప్రణాళికా సంస్థ విధి. 198వ సెక్షన్ కింద అదే సంస్థ ఒక చెట్టుకు గానీ, చెట్ల గుంపుకు గానీ, వనానికి గానీ సంరక్షణ ఉత్తర్వు జారీ చేయవచ్చు. అంటే భవనం గురించీ చెట్టు గురించీ ఒకే కార్యాలయం, ఒకే దస్త్రంలో ఆలోచిస్తుంది.

ఆ ఆలోచనకు కొలతలు సమకూర్చేది 2012లో సవరించిన బ్రిటిష్ స్టాండర్డ్ 5837. నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కాండం వ్యాసం 75 మిల్లీమీటర్లు, ఆపైన ఉన్న ప్రతి చెట్టునూ సర్వేలో చేర్చాలి. కనీసం 40 సంవత్సరాలు మనగలిగే ఉత్తమ వృక్షాలు మొదటి తరగతి. 20 సంవత్సరాలవి రెండవది. 10 సంవత్సరాలవి, 15 సెంటీమీటర్ల లోపు వ్యాసం గల లేత చెట్లు మూడవది. పదేళ్లు కూడా నిలవనివి విడి వర్గం. వ్యాసాన్ని 12తో హెచ్చిస్తే వేరు రక్షణ మండలపు వ్యాసార్ధం వస్తుంది. మన అటవీ కొలతలలో 1.37 మీటర్ల ఎత్తున వ్యాసం తీయడం ఆనవాయితీ గనుక, ఈ సూత్రం వాడేటప్పుడు విద్యార్థులు ఆ తేడాను గమనించాలి.

ఉదాహరణకు 50 సెంటీమీటర్ల వ్యాసం గల వేప చెట్టుకు వ్యాసార్ధం 6 మీటర్లు, విస్తీర్ణం సుమారు 113 చదరపు మీటర్లు. మొదట్లోనే మూడు కాండాలుగా చీలిన కానుగకు ఒక్కొక్క వ్యాసాన్ని వర్గం చేసి, కూడి, వర్గమూలం తీయాలి: 20, 25, 30 సెంటీమీటర్లయితే సుమారు 44, వ్యాసార్ధం 5.3 మీటర్లు. ఎంత పెద్ద చెట్టుకైనా గరిష్ఠ పరిమితి 707 చదరపు మీటర్లు. పరిస్థితిని బట్టి మండలం ఆకారాన్ని మార్చవచ్చు గానీ విస్తీర్ణాన్ని తగ్గించరాదు. లోపల కొత్తగా వేసే శాశ్వత గచ్చు, అప్పటివరకు గచ్చు లేని నేలలో 20 శాతానికి మించరాదు. యంత్రాలు, సామగ్రి స్థలంలోకి రాకముందే మండలం చుట్టూ గట్టి కంచె నిలవాలి. కంచె ఆలస్యమైతే మిగిలిన జాగ్రత్తలకు విలువ లేదు. ఒక్క రోజు తొక్కిడి చేసిన నష్టం సరిదిద్దడానికి సంవత్సరాలు పడుతుంది.

అయితే అక్కడి ఉత్తర్వు అభేద్యమైన కవచం కాదు. పూర్తి నిర్మాణ అనుమతిని అమలు చేయడానికి తప్పనిసరి అయినచోట, ఉత్తర్వు ఉన్న చెట్టును తొలగించడానికి వేరే సమ్మతి అవసరం లేదు. కాబట్టి అసలు నిర్ణయం దరఖాస్తు పరిశీలించిన రోజునే జరిగిపోతుంది.

తెలుగు రాష్ట్రాలలో పరిస్థితి వేరు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అంటే వాల్టా కింద చెట్టు తొలగింపునకు అనుమతి కావాలి. హైదరాబాదులో దానిని అటవీ శాఖ అధికారులు పరిశీలిస్తారు. భవనానికి అనుమతి పురపాలక వ్యవస్థ నుంచి వస్తుంది. తెలంగాణలో 2020 నాటి టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు నివాస భవనాలకు స్వీయ ధ్రువీకరణపై తక్షణ అనుమతి లభిస్తుంది. ఇంటి యజమానికి ఇది నిజమైన సౌకర్యం. కానీ పైన చెప్పిన వేప చెట్టు అటువంటి స్థలంలో ఉంటే దాని వేరు మండలం ఐదవ వంతుకు మించి ఆక్రమిస్తుంది. చిన్న స్థలాలలో పక్కన వదిలే ఖాళీ సాధారణంగా రెండు మీటర్ల మేరకే ఉంటుంది. ఈ లెక్కలు రెండూ ఒకే బల్ల మీద కలిసే సందర్భం లేదు. వాల్టా అనుమతి ప్రక్రియ నరికివేత చుట్టూ తిరుగుతుంది గనుక, నరకకుండా వేర్లు కోల్పోయిన చెట్టు దాని కంటికి ఆనదు.

ప్రత్యామ్నాయంగా మొక్కలు నాటే షరతును సైతం విస్తీర్ణంతో కొలవాలి. పది మీటర్ల వెడల్పు గొడుగు గల చెట్టు నీడ సుమారు 78 చదరపు మీటర్లు. ఒక మీటరు వెడల్పు గల నర్సరీ మొక్కలు నూరు కలిస్తే ఆ నీడ. ఒకటికి రెండు, ఒకటికి పది అనే లెక్కలు కాగితం మీద ఉదారంగా కనిపిస్తాయి.

బ్రిటిష్ సూత్రాన్ని యథాతథంగా దిగుమతి చేసుకోవడం కూడా సరికాదు. దక్కను పీఠభూమిలో పలుచని ఎర్ర నేల కింద రాతి పొర ఉన్నచోట వేర్లు వృత్తాకారంలో కాక, మట్టి లోతుగా ఉన్న దిక్కుకే సాగుతాయి. ఊడలు దిగిన మర్రికి కాండం వ్యాసం అన్న మాటే సరిగా పొసగదు. అటువంటిచోట గుణకాన్ని నమ్మడం కంటే, పునాది గీత వెంట రెండు మూడుచోట్ల గునపంతో పరీక్షా గుంటలు తీసి వేర్ల తీరు చూసి హద్దు నిర్ణయించడం మేలు.

కాలువ తవ్వక తప్పనప్పుడు మండలంలో యంత్రాన్ని వాడక చేతితో తవ్వించాలి. 25 మిల్లీమీటర్ల లోపు వేర్లను పదునైన రంపంతో నునుపుగా కోయవచ్చు. అంతకు మించిన లావు గల వేరు ఎదురైతే పని ఆపి, నిపుణుడు చూసిన తరువాతనే కొనసాగించాలి. బయటపడిన వేర్లను మట్టి కప్పేవరకు తడి గోనె సంచులతో కప్పి ఉంచాలి.