పిల్లల చేతికి పిండి అంటనివ్వండి

"మా వానికి ఇంటి తిండి పడదు. పళ్లెం ముందర పెడితే ముఖం తిప్పుకుంటడు. బయట నూడుల్స్ అంటే మాత్రం లేచి కూర్చుంటడు." మొయినాబాద్, చేవెళ్ల పక్క ఏ ఇంట్లో పిల్లల తిండి సంగతి ఎత్తినా తల్లుల నోట ఈ మాటే వస్తోంది. తండ్రులు నోటితో అనరు గానీ, సాయంత్రం వాళ్ల చేతిలో వేలాడే పార్సిల్ కవరు అదే చెబుతుంది. ఈ తల్లిదండ్రులను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. తెల్లారకముందే పూలు కోయడానికి పోయే తల్లి, పొద్దున్నే మెహిదీపట్నం బస్సెక్కి చీకటిపడ్డాక దిగే తండ్రి, ఇద్దరూ ఆ పిల్లల కడుపు కోసమే తిరుగుతున్నారు. వాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఒకటే. పిల్లలకు ఇంటి తిండి ఇష్టం కావాలంటే బతిమాలడం, బెదిరించడం, లంచం పెట్టడం పనికిరావు. ఆ తిండి తయారవడంలో వాళ్ల చెయ్యి పడాలి.

హైదరాబాద్ నగరం మధ్యలో ఉన్న పిల్లలకు లేని భాగ్యం ఈ పక్క పిల్లలకు ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల నీళ్లు చెడిపోకూడదని 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల్లో కట్టడాలకు పగ్గం వేసింది. దాని మంచిచెడ్డల మీద ఊళ్లలో వాదం తెగలేదు, అది వేరే సంగతి. పొలం మాత్రం ఇంకా ఇంటికి దగ్గర్లోనే ఉంది. క్యారెట్, బీట్‌రూట్, టమాట, కొత్తిమీర, పాలకూర ఇక్కడే పండి, తెల్లవారుజామునే ఆటోల్లో, ట్రాలీల్లో మెహిదీపట్నం రైతుబజారుకు, గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. బడికి పోయే దారిలో మన పిల్లలు క్యారెట్ పీకడం చూస్తారు. అదే క్యారెట్ తమ పళ్లెంలోకి ఎలా వస్తుందో మాత్రం చూడరు. ఆ కొంచెం దూరాన్ని తగ్గించాల్సింది మనమే.

ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే నేను జొన్న రొట్టె అంటాను. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరిగిన నీళ్లు పోసి కలిపితేనే అతుక్కుంటుంది. ఆ నీళ్లు పోసే పని పెద్దలదే, చెయ్యి కాలుతుంది. పిండి గోరువెచ్చగా అయ్యాక నిమ్మకాయంత ముద్ద తీసి పిల్ల చేతిలో పెట్టండి. అరచేత్తో ఒత్తి ఒత్తి మెత్తగా మెదపాలి. పొడిపిండి చల్లిన పీట మీద పెట్టి, ఒక చెయ్యి అంచుకు ఆనించి, రెండో చేత్తో తడుతూ తిప్పుతూ పోవాలి. అంచులు పగులుతాయి. తడి వేలితో అద్దితే పగులు మూసుకుంటుందని ఒకసారి చూపిస్తే చాలు, మిగతాది పిల్లే చేసుకుంటుంది. పెనం మీద వేయడం, పైన తడిబట్టతో తుడవడం మీ పని. ఆ రొట్టె ఒక పక్క లావుగా, ఒక పక్క పల్చగా, అరచేతి కన్నా చిన్నగా వస్తుంది. దాన్ని పక్కకు నెట్టేయకండి. మీ రొట్టెల మాదిరే శ్రద్ధగా రెండు వైపులా కాల్చి, తునకలు చేసి, అందరి పళ్లెంలో తలా ఒకటి పెట్టండి. "మా బిడ్డ చేసిన రొట్టె" అని తండ్రి ఒక్కమాట అంటే ఆ పూట పుంటికూర పప్పుతో తినమని పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

పొయ్యి దగ్గరికి పంపడానికి భయమేసే వయసు పిల్లలైతే పచ్చిపులుసు ఉంది. నానిన చింతపండు పిసకడం, ఉల్లిగడ్డ ముక్కల్ని ఉప్పు వేసి నలపడం, వేయించిన నువ్వుల పొడి కలపడం ఆరేళ్ల పిల్లాడు హాయిగా చేయగలడు. మిర్చి కాల్చి నలిపే పని మాత్రం మీరే చేయండి, ఆ చేతులు కళ్లకు తగిలితే ఏడుపే. చివర్లో ఒక చెంచాలో పోసి వాడికే ఇచ్చి "ఉప్పు సరిపోయిందా, పులుపు ఎక్కువైందా?" అని అడగండి. ఇంట్లో వంట రుచి తేల్చే అధికారం తన చేతికి వచ్చిన పిల్లాడు ఆ గిన్నెను తనదనుకుంటాడు. చిటికెడు బెల్లం వేద్దామంటే వేయనివ్వండి.

ఇంకా చిన్నవాళ్లకు కూడా పనులున్నాయి. మూడేళ్ల పిల్ల గంగవాయిలి ఆకు తుంచుతుంది. కొంచెం నేలపాలవుతుంది, ఫరవాలేదు. పదేళ్లు దాటినవాళ్లు పక్కన మీరు నిలబడితే పోపు వేయగలరు. కుక్కర్ దించడం, మూకుడు నిండా నూనెలో వేయించడం, మిక్సీ గిన్నె మార్చడం మాత్రం ఎంత ఉత్సాహపడినా పెద్దలవే. ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఇవి ఆడపిల్లకు ఎంతో మగపిల్లాడికీ అంతే. ఆడపిల్లకు వంట పని అప్పజెప్పి మగపిల్లాడిని టీవీ ముందు కూర్చోబెట్టే ఇంట్లో ఇద్దరికీ అన్యాయం జరుగుతుంది.

ప్రతి ఇంటికీ తనదంటూ రెండు మూడు వంటలు ఉండాలి. పెద్ద వంటలు అక్కర్లేదు. ముద్దపప్పు, నెయ్యి, మామిడికాయ తొక్కు చాలు. 2022లో తాండూరు కందిపప్పుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు అంటే మన బీజాపూర్ రోడ్డు పట్టి, మర్రిచెట్ల కింద నుంచి పడమటికి పోతే వచ్చే ఊరే. ఆ పప్పు మన ఇంట్లో ఉడికేటప్పుడు ఆ మాట పిల్లలకు చెప్పండి. వారంలో ఒక రోజు ఆ వంటకే కేటాయించండి. "ఇవాళ గురువారం, పప్పు రోజు" అని పిల్లలే అనేదాకా తప్పకుండా చేయండి. పిల్లలకు కొత్తదనం కన్నా తెలిసినది మళ్లీ వస్తుందన్న భరోసా ఎక్కువ ఇష్టం.

ఇక లంచం సంగతి. "రెండు ముద్దలు కూర తింటే చాక్లెట్ ఇస్తా." ఇది మనం అందరం అనే మాట. అమెరికాలో లీయాన్ బర్చ్ అనే పరిశోధకురాలు, ఆమె తోటివారు 1984లో ప్రచురించిన అధ్యయనంలో చిన్నపిల్లలతో ఒక పానీయం తాగించడానికి బహుమతి పెట్టారు. పిల్లలు తాగారు గానీ, ఆ తర్వాత ఆ పానీయం మీద వాళ్లకు ఇష్టం తగ్గింది. ఆలోచిస్తే అది సహజమే. కూర తిన్నందుకు బహుమతి ఇస్తున్నారంటే కూర కష్టమైన పని అనే కదా అర్థం! తీపి ఏమో గెలుచుకోవాల్సిన నిధి అయిపోతుంది. అందుకని తీపి ఉన్న రోజు చిన్న గిన్నెలో వేసి అన్నంతోపాటే పెట్టేయండి. పిల్లాడు ముందు అదే తినేస్తే తిననివ్వండి. మళ్లీ వడ్డన మాత్రం ఉండదు. ఎలిన్ సాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి నాకు చాలా నచ్చుతుంది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పెద్దలు తేల్చాలి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లలకు వదిలేయాలి. మన నానమ్మలకు ఇది మింగుడుపడదు. "బిడ్డ పస్తు పడుకుంటడు" అని కలవరపడతారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లాడు ఒక పూట తక్కువ తింటే ఏమీ కాదు, మరుసటి పూట సరిచేసుకుంటాడు. బరువు పెరగకపోయినా, నెలల తరబడి రెండు మూడు రకాలకు మించి నోట పెట్టకపోయినా అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించండి.

సులువైన తీపి వంటల కోసం ఫోనులో వెతుక్కోనక్కర్లేదు, బతుకమ్మ నైవేద్యాలు ఉన్నాయి. రెండో నాడు అటుకులు, బెల్లం. నాలుగో నాడు నానబియ్యం, పాలు, బెల్లం. ఎనిమిదో నాడు నువ్వులు, వెన్న, బెల్లం. సద్దుల నాడు మలీద ముద్దలు. చాలావాటికి పెద్ద వంటే లేదు, పంచిపెట్టేది కూడా ఎక్కువగా పిల్లలకే. పండుగ తొమ్మిది రోజులకే వాటిని ఎందుకు దాచుకోవాలి? మలీదనే తీసుకోండి. రాత్రి మిగిలిన నాలుగు చపాతీలు పిల్లలతో తుంచించి, మిక్సీలో రవ్వలా తిప్పి, గుప్పెడు బెల్లం తురుము, యాలకుల పొడి, రెండు చెంచాల నెయ్యి కలిపితే ముద్ద కట్టడానికి వస్తుంది. సాయంత్రం బడి నుంచి వచ్చి ఆకలి ఆకలి అనే పిల్లలకు పది నిమిషాల పని.

నువ్వుల ముద్దలకు కొంచెం ఓపిక కావాలి. గ్లాసు నువ్వులకు ముప్పావు గ్లాసు బెల్లం. సన్నని సెగ మీద చిటపటమని ఎగిరేదాకా వేయించి, పూర్తిగా చల్లారనివ్వాలి. వేడి మీద మిక్సీలో వేస్తే నూనె వదిలి జిగురవుతుంది. ఆపి ఆపి తిప్పి, బెల్లం వేసి మళ్లీ ఒక్కసారి తిప్పితే చాలు. ముద్దలు కట్టే పని పూర్తిగా పిల్లలకే వదిలేయండి. ఐదేళ్లలోపు వాళ్లకు ముద్దల్లోకైనా, నోట్లోకైనా గుండు పల్లీలు మాత్రం వద్దు. గొంతుకు అడ్డం పడతాయి. పొడి చేసి కలపండి.

చలికాలంలో క్యారెట్ హల్వా చేయని ఇల్లు ఈ పక్క ఉండకూడదని నా ఆశ. అరకిలో క్యారెట్‌కు అరలీటరు పాలు, వంద గ్రాముల చక్కెర, రెండు మూడు చెంచాల నెయ్యి. నెయ్యిలో తురుము పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు పోసి, అవి పూర్తిగా ఇగిరాకే చక్కెర వేయాలి. ముందే వేస్తే నీళ్లు ఊరి ఎంతసేపటికీ దగ్గరపడదు. తురిమే పని పిల్లలది, చివరి ముక్క మాత్రం మీరు తురమండి, వేళ్లు తెగుతాయి. ఆ క్యారెట్లు ఇంటి దగ్గరి మడిలోవైతే, ఆదివారం పొద్దున పిల్లలతోనే తెప్పించి, మట్టి వాళ్లతోనే కడిగించండి. దసరా, దీపావళి మధ్య సీతాఫలాలు వచ్చినప్పుడు వంటే అక్కర్లేదు. గింజలు తీసిన గుజ్జును చల్లటి పాలలో కలిపితే అంతకు మించిన తీపి లేదు.

తీపి ఎంత అనేది కూడా చెప్పుకోవాలి. చక్కెర, బెల్లం, తేనె లాంటి పైతీపి నుంచి వచ్చే శక్తి రోజు మొత్తంలో పదో వంతు దాటకూడదని, ఐదు శాతం లోపే ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు సుమారు 1,400 కేలరీలు తినే పిల్లకు పై హద్దు 35 గ్రాములు, మేలైన హద్దు 17 గ్రాములు. పైన చెప్పిన హల్వా ఆరుగురు పంచుకుంటే ఒక్కొక్కరికి పడే చక్కెర 17 గ్రాములకు మించదు. 300 మిల్లీలీటర్ల మామూలు కోలా సీసా ఒక్కదాంట్లోనే 30 గ్రాముల పైన ఉంటుంది. బెల్లం మంచిదని ఎక్కువ వేయకండి, ఒంటికి అది కూడా చక్కెరే. రెండేళ్లు నిండని పిల్లలకు పైతీపి అసలు వద్దు. ఏడాది లోపు పసివాళ్లకు తేనె నాకించడం ప్రమాదం, ఆ అలవాటున్న పెద్దవాళ్లకు నెమ్మదిగా నచ్చజెప్పండి.

"ఇదంతా చేసే తీరిక ఎక్కడిది?" అంటారు. నిజమే. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరే మనిషిని రొట్టెలు చేయమని చెప్పడం దయలేని మాట. రాత్రి కుదరని ఇళ్లలో పొద్దున కలిసి తినండి. పొద్దున కూడా కుదరకపోతే ఆదివారం మధ్యాహ్నం ఒక్క పూట చాలు, కాకపోతే అది తప్పకూడదు. చాప వేసుకుని అందరూ గుండ్రంగా కూర్చోవాలి, టీవీ ఆపాలి, ఫోన్లు వేరే గదిలో ఉండాలి. ఆ అరగంటలో మార్కుల ప్రస్తావన తేవద్దు, ఎవరెంత తిన్నారని లెక్క కట్టవద్దు. పళ్లెం ముందు తిట్లు తిన్న పిల్లలకు ఎంత రుచిగా వండినా సహించదు.

నానమ్మ, అమ్మమ్మ ఇంట్లో ఉంటే మీ పని సగం అయినట్టే. వాళ్లకు కొలతలు గిద్దెల్లో, సోలల్లో, చేతి అంచనాలో ఉంటాయి. వాళ్లు వేసే ప్రతి పిడికెడూ ముందు చిన్న త్రాసులో పెట్టి తూచే పని మనవడికి ఇవ్వండి, తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోమనండి. చేవెళ్ల సంతలో కూరగాయలు కొనేటప్పుడు ఆ పుస్తకం చూసి ఏమేం కావాలో చెప్పే పని కూడా వాడిదే.

పుట్టినరోజుకు కేకు తేవద్దని నేను చెప్పను. స్నేహితుల ముందు పిల్లలకు అదొక సంబరం. కేకు పక్కన బెల్లం పరమాన్నం కూడా పెట్టండి. అన్నం పాలలో మెత్తగా ఉడికాక పొయ్యి మీంచి దించి, వేడి కొంచెం తగ్గాక కరిగించిన బెల్లం పోస్తే పాలు విరగవు. యాలకులు దంచడం, నేతిలో వేగిన జీడిపప్పు పైన చల్లడం, వచ్చిన పిల్లలందరికీ తలా గిన్నెలో వడ్డించడం ఆ పుట్టినరోజు బిడ్డ చేతి మీదుగానే జరగాలి.