స్పానిష్ తొలి పాఠాలు: స్వభాష చూపే దారి

ఐక్యరాజ్యసమితి స్వీకరించిన ఆరు అధికార భాషలలో స్పానిష్ ఒకటి. స్పెయిన్ మొదలుకొని మెక్సికో, క్యూబా, పెరూ, చిలీ, అర్జెంటీనాల వరకు సుమారు ఇరవై దేశాలలో అది పాలనకు, విద్యకు, సాహిత్యానికి వాహికగా ఉన్నది. మన దేశంలో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం మొదలైన సంస్థలు ఈ భాషను బోధిస్తున్నాయి. ఇతర శాఖలలో చదువుకుంటూ ఐచ్ఛిక పాఠ్యాంశంగా దీనిని ఎన్నుకొనే కళాశాల విద్యార్థులు కూడా ఉన్నారు.

ఇట్టి విద్యార్థికి తొలి నెలలలో ఎదురయ్యే కష్టాలలో కొన్ని స్పానిష్ భాషవి కావు, మధ్యలో నిలిచిన ఇంగ్లీషువి. పాఠ్యపుస్తకాలు పెక్కు ఇంగ్లీషు చదువరుల కోసం రచింపబడినవి. వారికి వింతగా తోచే విషయాలను అవి విస్తరించి చెబుతాయి. ఆ వింతలలో కొన్ని మనకు ఉగ్గుపాలతో అబ్బినవే. ఈ సంగతి గ్రహించని విద్యార్థి తన ఇంటిలో ఉన్న వస్తువును పొరుగూరి అంగడిలో కొనబోయినవాడు అవుతాడు.

ఉచ్చారణ

స్పానిష్ అచ్చులు అయిదే: అ, ఎ, ఇ, ఒ, ఉ. వ్రాసినదానిని నియమం తప్పకుండా చదవవచ్చు. త, ద ధ్వనులు దంత్యాలు. ఇంగ్లీషు అలవాటుతో వాటిని ట, డలుగా పలకడం తగదు. క, త, ప లను ఇంగ్లీషువారు పదాదిన కొంత ఊపిరి ఒత్తి పలుకుతారు. స్పానిష్‌లో అవి తెలుగులోవలెనే అల్పప్రాణాలు. ఇంగ్లీషు విద్యార్థి శ్రమపడి నేర్చుకొనవలసిన ఈ రెండు అంశాలు మన విద్యార్థికి సహజంగానే ఉన్నవి. మన వర్ణమాలలోని ‘ఞ’ ధ్వని కూడా అక్కడ ఒక ప్రత్యేకాక్షరంగా కనబడుతుంది.

అభ్యాసం కావలసినది రేఫ విషయంలో. ‘పెరో’ అనగా ‘కాని’. ‘పెర్రో’ అనగా ‘కుక్క’. రెండవదానిలో నాలుక కొనను గట్టిగా కంపింపజేయాలి. అట్లే ‘హ’కు గుర్తైన అక్షరం పదంలో ఉన్నా ఉచ్చారణలో ఉండదు.

క్రియ, కర్త

‘ఆబ్లో’ అంటే మాట్లాడతాను, ‘ఆబ్లాస్’ అంటే మాట్లాడతావు. క్రియాంతమే కర్తను తెలుపుతుంది కనుక నేను, నువ్వు అనే సర్వనామాలను తరచుగా వదలివేస్తారు. తెలుగులోనూ ఇదే పద్ధతి. ప్రతి వాక్యంలోనూ ‘యో’ (నేను) అని చేర్చడం ఇంగ్లీషు నుండి వచ్చే అలవాటు.

చనువుకు ‘తూ’, మర్యాదకు ‘ఉస్తేద్’ ఉన్నవి. ‘ఉస్తేద్’ ఎదుటివారిని సంబోధించేదైనా, దానితో వాడే క్రియ ప్రథమ పురుషలో ఉంటుంది. కొత్తవారితో, పెద్దలతో దీనిని వాడడం క్షేమం. నువ్వు, మీరు, తమరు అనే తారతమ్యం ఎరిగిన తెలుగువారికి ఈ మర్యాదలోని అంతరార్థాన్ని వేరుగా బోధింపనక్కరలేదు.

‘నాకు కాఫీ ఇష్టం’ అనడానికి స్పానిష్‌లో ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటారు. ఇక్కడ ‘మె’ అంటే ‘నాకు’; కాఫీయే కర్త. పుస్తకాలు ఇష్టమైతే క్రియ బహువచనమై ‘మె గుస్తాన్ లోస్ లిబ్రోస్’ అవుతుంది. ఇంగ్లీషువానికి ఈ వాక్యం తలక్రిందులుగా కనిపిస్తుంది. కాని హిందీవారి ‘ముఝే’, తమిళుల ‘ఎనక్కు’, మలయాళీల ‘ఎనిక్కు’, మన ‘నాకు’ ఇట్టి సందర్భాలలో ఒకే పని చేస్తున్నవి. వివిధ రాష్ట్రాల విద్యార్థులు కలిసి కూర్చున్న తరగతిలో ఈ ఒక్క వాక్యం భారతీయ భాషల నడుమగల పోలికకు చక్కని నిదర్శనం.

ఉండుట: రెండు క్రియలు

తొలి సంవత్సరంలో అందరినీ తికమకపెట్టేవి ‘సేర్’, ‘ఎస్తార్’ అనే క్రియలు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట. తెలుగులో ‘ఆయన వైద్యుడు’ అన్నప్పుడు క్రియ లేదు. ‘ఆయన ఇంట్లో ఉన్నాడు’ అన్నప్పుడు క్రియ ఉన్నది. మొదటిదానికి స్పానిష్‌లో ‘సేర్’ రూపమైన ‘ఎస్’, రెండవదానికి ‘ఎస్తార్’ రూపమైన ‘ఎస్తా’ వస్తుంది. ‘బాగున్నాడు’ అనడానికి కూడా ‘ఎస్తా’యే. ఆపిల్ పండు గురించి ‘ఎస్ బేర్దె’ అంటే దాని రంగు ఆకుపచ్చ. ‘ఎస్తా బేర్దె’ అంటే ఇంకా పండలేదు, పచ్చిగా ఉంది. ఈ పోలిక అన్నిచోట్ల సరిపోదు: సభ ఎక్కడ జరుగుతుందో చెప్పేటప్పుడు ‘సేర్’ వాడాలి. అయినా తొలి మెట్టుగా ఇది ఉపకరిస్తుంది.

లింగభేదం

ఇక్కడ తెలుగు తోడ్పడదు, హిందీ తోడ్పడుతుంది. అచేతన వస్తువులకు కూడా స్త్రీ, పుం లింగాలు ఉంటాయన్న భావన హిందీ చదివిన విద్యార్థికి పరిచితమే. అయితే హిందీ లింగాన్ని స్పానిష్‌కు అంటగట్టరాదు. హిందీలో ‘కితాబ్’ స్త్రీలింగం, స్పానిష్ ‘లిబ్రో’ పుంలింగం. హిందీ ‘హాథ్’ పుంలింగం, స్పానిష్ ‘మానో’ స్త్రీలింగం. ‘ఒ’కారాంతాలు పుంలింగాలు, ‘అ’కారాంతాలు స్త్రీలింగాలు అనే సూత్రం చాలావరకు నిజమే గాని, ‘మానో’యే దానికి అపవాదం. ‘ఎల్ లిబ్రో’, ‘లా మానో’ అని లింగసూచక పదంతో సహా కంఠస్థం చేయడమే ఉత్తమ మార్గం.

పదాల ప్రయాణం

‘అసూకర్’ అంటే చక్కెర, ‘నరాంఖా’ అంటే నారింజ, ‘అఖెద్రెస్’ అంటే చదరంగం. ఈ మూడు మాటలూ భారతదేశం నుండి పారశీకం, అరబ్బీ భాషల మీదుగా స్పెయిన్ చేరినవి. శర్కర, నారంగ, చతురంగ శబ్దాలు వాటి పూర్వరూపాలు. 711 మొదలు 1492 వరకు స్పెయిన్‌లో వేర్వేరు భాగాలు అరబ్బీ భాషా సంస్కృతుల ఏలుబడిలో ఉండుట ఇందుకు కారణం. ‘దోస్, త్రేస్, సియేతె, నుయేవె, దియేస్’ అనే అంకెలలో ద్వి, త్రి, సప్త, నవ, దశ శబ్దాల ఛాయ కనబడుతుంది. అది మాత్రం అరువు కాదు; సంస్కృత, లాటిను భాషల సగోత్రత.

పోలికలు మోసగించడమూ కద్దు. ‘లిబ్రెరియా’ అంటే గ్రంథాలయం కాదు, పుస్తకాల దుకాణం. గ్రంథాలయం ‘బిబ్లియోతేకా’. ‘ఎక్సితో’ అంటే బయటికి పోవు ద్వారం కాదు, విజయం.

అభ్యాస విధానం

వారానికి ఒకనాడు అయిదు గంటలు చదవడంకంటె దినమొక అరగంట బిగ్గరగా చదవడం మేలు. క్రొత్త మాటను విడిగా గాక వాక్యంలో వ్రాసుకోవాలి. దాని ఎదుట ఇంగ్లీషు అర్థంతోపాటు తెలుగు అర్థం కూడా వ్రాయాలి. ఏ అర్థం దగ్గరగా ఉన్నదో విద్యార్థికే తెలుస్తుంది. భూతకాల రూపాలు ఆరంభమైనప్పుడు పలువురు నిరుత్సాహపడి మానివేస్తారు. ఆ దశ దాటితేనే చిన్న కథ చదివే శక్తి కలుగుతుంది.

ఈ శ్రమకు ఒక సామాజిక ప్రయోజనం కూడా కలదు. ఠాగూరు రచనలు స్పానిష్ పాఠకులకు విశేషంగా పరిచయమైనది జెనోబియా కంప్రుబీ, హువాన్ రామోన్ హిమేనెస్ దంపతుల అనువాదాల వలన. అవి ఇంగ్లీషు పాఠాలనుండి చేసినవి. 1962 నుండి 1968 వరకు భారతదేశంలో మెక్సికో రాయబారిగా ఉన్న ఆక్టావియో పాజ్, చిలీ కవి నెరూడా, కొలంబియా నవలాకారుడు మార్క్వెజ్ తెలుగులోనికి చాలావరకు ఇంగ్లీషు మీదుగానే వచ్చారు. రెండు చేతులు మారిన రచనలో మూలంలోని మర్యాద, చనువు, వాక్యపు పోకడ కొంత జారిపోక తప్పదు. ‘తూ’, ‘ఉస్తేద్’ రెండూ ఇంగ్లీషులో ఒక్కటైపోతే, నువ్వు అనాలో మీరు అనాలో తెలుగు అనువాదకునికి ఊహే గతి. మూలాన్ని చూడగలిగినవాడికి ఆ ఇబ్బంది లేదు.

నేరుగా స్పానిష్ నుండి తెలుగులోకి, తెలుగు నుండి స్పానిష్‌లోకి అనువదింపగలవారు మనకు ఇంకను పలువురు కావలసి ఉన్నది. వారు నేటి ప్రారంభ తరగతుల నుండియే రావాలి.