బట్టతల, ఎండ, గోల్ఫ్: ప్రశ్నలు - జవాబులు

ఎండాకాలం వచ్చేసరికి బట్టతల ఉన్న గోల్ఫ్ పాఠకుల ఉత్తరాలు పెరుగుతాయి. ఈసారి శీర్షిక మొత్తం వారికే.

ప్రశ్న: నాకు అరవై దాటాయి. నెత్తి మీద వెంట్రుక లేదు. పొద్దున్నే ఆట మొదలుపెట్టినా నాలుగో హోల్‌కి చెమట కారి కళ్లు మండిపోతాయి. పుట్ కొట్టబోతే బంతి మసకగా కనిపిస్తుంది. టోపీ పెడితే చెమట ఇంకా ఎక్కువ. ఏం చెయ్యాలి?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇందులో మీ ఊరి గాలి పాత్ర కూడా ఉందండీ. చెమట ఆరితేనే ఒంటికి చల్లదనం. సముద్రం పక్కన గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, కారుతుంది. జుట్టున్నవాళ్లకు ఆ చెమటను కాసేపు జుట్టు పట్టి ఉంచుతుంది. నున్నటి నెత్తి మీద ఆపేదేమీ లేక నేరుగా కనుబొమల మీదికి జారుతుంది. అవి మాత్రం ఎంతని ఆపుతాయి?

చెమట పీల్చే పని టోపీకి అప్పగించకండి. టెన్నిస్ వాళ్లు కట్టుకునే టవల్ గుడ్డ పట్టీని కనుబొమలకు కాస్త పైగా పెట్టుకుని, దాని మీద టోపీ పెట్టండి. పట్టీ తడిసి బరువెక్కాక ఇక పీల్చదు, పిండినా పెద్దగా లాభం లేదు. అందుకని బ్యాగులో పొడి పట్టీలు మరో రెండుంచుకుని ఆరో హోల్ దగ్గర ఒకసారి, పన్నెండో హోల్ దగ్గర ఒకసారి మార్చండి. తడిసినదాన్ని బ్యాగు బయట వేలాడదీయండి. లోపల కుక్కితే ముక్క వాసన వస్తుంది. ఉతక్కుండా మళ్లీ కట్టుకుంటే నుదుటి మీద చెమటకాయలు లేస్తాయి. పట్టీ మందానికి టోపీ బిగుతవుతుంది కనుక కొట్లో పట్టీ కట్టుకునే టోపీ సైజు చూసుకోండి.

కళ్ల మంటకు చెమటలోని ఉప్పు కొంత కారణమే. నా అనుమానం మాత్రం మీ సన్‌స్క్రీన్ మీద. నుదుటికి రాసింది చెమటతో కలిసి కంట్లోకి దిగితే ఆ మంట అంత త్వరగా తగ్గదు. నుదుటి వరకు క్రీము మానేసి జింక్ ఆక్సైడ్ ఉన్న స్టిక్ వాడి చూడండి. అది అంత తేలిగ్గా కారదు, కళ్లనూ అంతగా బాధించదు. చేత్తో క్రీము రాసుకుంటే గ్లవ్ వేసుకునే ముందు అరచేతులు శుభ్రంగా తుడుచుకోండి. లేకపోతే గ్రిప్ జారుతుంది.

ప్రశ్న: గోల్కొండ దగ్గర ఆడతాను. గాలి ఆడుతుందని వెనకంతా వల ఉన్న క్యాప్ కొన్నాను. అయినా మాడు కమిలింది. తల వెనక అర్ధచంద్రంలా ఒక మచ్చ ఏర్పడింది. చుట్టూ అంచున్న టోపీ పెడదామంటే మా వాళ్లు నవ్వుతున్నారు.
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆ అర్ధచంద్రం క్యాప్ వెనక, సైజు సర్దుకునే పట్టీకి పైన వదిలేసిన ఖాళీది. జుట్టున్నవాళ్లకు ఆ సందుతో ఇబ్బంది లేదు. మనకు అక్కడ చర్మమే ఉంది. వల సంగతీ అంతే, గాలి వచ్చిన దారినే ఎండా వస్తుంది.

టోపీ కొనే ముందు దీపానికి ఎదురుగా ఎత్తి లోపలి నుంచి చూడండి. చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే ఎండ కూడా అలాగే దిగుతుంది. వదులు అల్లిక గడ్డి టోపీలకూ ఇదే పరీక్ష. యూపీఎఫ్ 50 అని రాసి ఉన్న గుడ్డయితే అతినీలలోహిత కిరణాల్లో 2 శాతానికి మించి లోపలికి పోనివ్వదు. చుట్టూ 3 అంగుళాల అంచు ఉంటే చెవులకు, మెడకు కూడా నీడ దొరుకుతుంది. అంచు అడుగు భాగం ముదురు రంగుదైతే ఇసుక మీంచి, నీళ్ల మీంచి లేచే వెలుగు కళ్లలో అంతగా కొట్టదు. అంతకంటే వెడల్పు వద్దు, స్వింగ్‌లో భుజానికి తగులుతుంది. కొట్లోనే పెట్టుకుని ఒకసారి భుజాలు పూర్తిగా తిప్పి చూడండి.

నవ్వే మిత్రులకు శామ్ స్నీడ్ ఫొటో చూపించండి. పీజీఏ టూర్‌లో 82 టైటిళ్లు గెలిచిన ఆ మహానుభావుడిదీ బట్టతలే. గడ్డి టోపీ లేకుండా ఆయన్ని ఊహించుకోలేం. 2009లో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన స్టీవర్ట్ సింక్ క్యాప్ తీసిన ఫొటోలు కూడా చూడండి. ముఖమంతా ఎండకు కాలి ఉంటుంది, నుదుటి మీద గీత గీసినట్టు ఆ పైనంతా తెల్లగా ఉంటుంది. క్యాప్ ఎంతవరకు కాస్తుందో, ఎక్కడ వదిలేస్తుందో ఆ గీత చూస్తే తెలిసిపోతుంది.

ప్రశ్న: వైజర్ చాలదా?
- ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: చాలదు. కళ్లకు నీడనిస్తుంది, నడినెత్తిని వదిలేస్తుంది.

ప్రశ్న: నేను షాట్ కొట్టేటప్పుడు క్యాడీ నా నెత్తిన గొడుగు పట్టాడు. పెనాల్టీ అన్నారు. నిజమేనా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమే. నియమం 10.2బి ప్రకారం మీరు కొట్టే సమయంలో క్యాడీ గానీ మరెవరు గానీ మీకు ఎండ తగలకుండా కావాలని అడ్డు నిలబడకూడదు. స్ట్రోక్ ప్లేలో దానికి రెండు స్ట్రోకుల పెనాల్టీ. మీ గొడుగు మీరే పట్టుకుని కొడితే తప్పులేదు. ఒంటి చేత్తో చిన్న పుట్ వేసేవాళ్లకు అది పనికొస్తుందేమో గానీ మిగతా షాట్లకు టోపీయే దిక్కు. షాట్‌కీ షాట్‌కీ మధ్య నడిచేటప్పుడు క్యాడీ గొడుగు పట్టవచ్చు. అడగడానికి మొహమాటపడకండి. ఎండలో గడిచే సమయంలో ఎక్కువ భాగం నడకే కదా.

ప్రశ్న: మేం ఫీనిక్స్‌లో ఉంటాం. ఇక్కడ చెమటే పట్టదు. అయినా రౌండ్ అయ్యేసరికి తలనొప్పి. ఎందుకు?
- ఒక పాఠకుడు, అరిజోనా

జవాబు: చెమట పడుతోంది, మీకు కనపడేలోపే ఆరిపోతోంది. మీ ఎడారి గాలిలో ఉన్న మెలిక ఇదే. తడి తెలియదు గనక దాహం కూడా ఆలస్యంగా గుర్తొస్తుంది. దాహం వేసే దాకా ఆగకుండా ప్రతి టీ దగ్గరా కాసిని నీళ్లు తాగండి. ఎండ ముదిరే రోజుల్లో వాటిలో కొంత ఓఆర్ఎస్ అయితే మేలు.

విశాఖ పాఠకుడికి చెప్పిన పొడి పట్టీ ఉపాయాన్ని మీరు తిరగెయ్యాలి. మన ఊళ్లలో గడ్డి కోసే పనివాళ్ల తలగుడ్డ గుర్తు చేసుకోండి. నూలు తువ్వాలు నాలుగు చుట్లు చుట్టి, ఒక కొస మెడ మీదికి వదులుతారు. అలాంటి గుడ్డనే తడిపి టోపీ కింద మెడ మీదికి వేలాడేలా పెట్టుకోండి. పొడి గాలికి అది ఆరుతూ నెత్తిని చల్లబరుస్తుంది. ఒక పొర తడిగుడ్డను మాత్రం ఎండకు అడ్డమని నమ్ముకోవద్దు. పలచటి తెల్ల నూలు తడిస్తే ఎండను ఆపే శక్తి తగ్గుతుంది. పైన టోపీ ఉండాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఆడేవాళ్లకూ ఈ పద్ధతి పనికొస్తుంది.

తలనొప్పితో పాటు వికారం, తడబాటు, మాట తికమక ఉంటే అది వడదెబ్బ కావచ్చు. ఆట అక్కడే ఆపి, నీడలోకి వెళ్లి, ఒంటి మీద నీళ్లు పోయించుకుని వెంటనే వైద్యసాయం పిలిపించండి. స్కోరు కార్డు గురించి అప్పుడు ఆలోచించకండి.

ప్రశ్న: నెత్తి మీద వేలికి గరుకుగా తగిలే చిన్న మచ్చ వచ్చింది. గోకితే ఊడి మళ్లీ వస్తోంది. మన రంగు చర్మానికి ఎండతో ఏమీ కాదంటారు కదా?
- ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: మన చర్మంలోని మెలనిన్ కొంత కాపాడుతుంది, పూర్తిగా కాదు. ఏళ్ల తరబడి ఎండ తిన్న బట్టతల మీద వచ్చే ఇలాంటి గరుకు మచ్చలు కొన్ని యాక్టినిక్ కెరటోసిస్ అయ్యే అవకాశం ఉంది. వాటిలో కొన్ని కాలక్రమేణా చర్మ క్యాన్సర్‌గా మారతాయి. మీది అదేనని నేను అనడం లేదు, చూసి చెప్పాల్సింది చర్మ వైద్యుడే. తొలిదశలో మచ్చను అతిచల్లదనంతో గడ్డకట్టించడం, పూత మందులు వంటి చికిత్సలు ఉన్నాయి. గోకడం ఈరోజే మానేయండి. మాడు మనకు మనం చూసుకోలేని చోటు కాబట్టి ఇంట్లో వాళ్ల చేత వెలుతుర్లో ఫొటో తీయించి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి. అపాయింట్‌మెంట్ ఈ వారంలోనే తీసుకోండి.