తూనీగలను చూద్దాం, క్షేమంగా తిరిగి వద్దాం

సెలవులకు పిల్లలతో మారేడుమిల్లి, అనంతగిరి వంటి చోట్లకు వెళ్ళి గుడారాలలో ఒకటి రెండు రాత్రులు గడిపే కుటుంబాలు మనలో ఉన్నాయి. వాగు ఒడ్డున పిల్లల కంట ముందుగా పడేది తూనీగే. ఈ నెల పాఠం దానితోనే మొదలుపెడదాం.

తూనీగ కుట్టదు, భయపడనక్కరలేదు. దాని తోకకు దారం కట్టే ఆట మాత్రం మాన్పించండి. ఎండ కాసే వేళ నీటి పక్కన కదలకుండా కూర్చుంటే, అది ఎగిరి వెళ్ళి మళ్ళీ అదే పుల్లమీద వాలడం చూడవచ్చు. లకుముకి పిట్టలు, కప్పలు, చీకటి పడ్డాక మిణుగురులు కూడా కనిపించవచ్చు.

తూనీగ పిల్లలు నీటిలో పెరుగుతూ దోమ పిల్లలను తింటాయి. రెక్కలొచ్చాక దోమలను గాలిలోనే పట్టుకుంటాయి. వానకాలంలో గుంపులుగా ఎగిరే పసుపు తూనీగలు మన దేశం నుండి మాల్దీవుల మీదుగా సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు వెళతాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ అనే శాస్త్రజ్ఞుడు వివరించారు.

అయితే తూనీగలున్నాయి గదా అని దోమలుండవనుకోరాదు. ఈ జాగ్రత్తలు పాటించండి:

1. సాయంత్రం నుండి పిల్లలకు నిండు చేతుల బట్టలు వేయండి. దోమతెర అంచులను పరుపు క్రిందికి దోపండి. ఇది మలేరియా దోమనే కాదు, రాత్రివేళ నేలమీద పడుకున్నవారిని కరిచే కట్లపామును కూడా ఆపుతుంది. ఆ కాటుకు నొప్పి, వాపు అంతగా ఉండకపోవచ్చు.

2. చీకట్లో టార్చిలైటు, చెప్పులు లేకుండా అడుగు వేయవద్దు.

3. పాము కరిస్తే కోయవద్దు, నోటితో పీల్చవద్దు, గట్టిగా కట్టు కట్టవద్దు, మంత్రం కోసం ఆగవద్దు. కరిచిన కాలు లేక చెయ్యి కదలనివ్వకుండా 108కు ఫోను చేయండి. విరుగుడు ఇంజెక్షను ఆసుపత్రిలోనే ఇవ్వాలి.

4. పొదల్లో, గడ్డిలో కూర్చోవద్దు. అక్కడుండే అతి చిన్న పురుగులు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది.

ఇంటికి వచ్చిన రెండు మూడు వారాలలో జ్వరం, తలనొప్పి వస్తే మాత్ర వేసి చూద్దామని ఆగకండి. చంకలు, నడుము, గజ్జలు వెదకండి. సిగరెట్టుతో కాల్చినట్లు నల్లని పొక్కు ఉంటే చూపించండి. అది నొప్పి పెట్టదు గనుక చాలామంది గమనించరు. ముందుగా గుర్తిస్తే మందులతో నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. వార్డులో మేము అడగకపోయినా, "అడవికి వెళ్ళి వచ్చాం" అని మీరే ముందు చెప్పండి. ఏ పరీక్ష చేయాలో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.